నాడె లేని చప్పుడు

గుంటూరు,
లేడీస్ హాస్టల్,
జూలై.

అత్తా,

కవరు మీద నా దస్తూరీ చూడగానే నీ గుండె ఝల్లుమని ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను బాగానే ఉన్నాను, తిండి మాత్రం బాగాలేదు. ఇక చదువు.

మాకు ఎం.ఏ.లో ఈ సెమిస్టర్ కథలు రాయడం ఒక పేపర్. చెప్పేది వేణుగోపాల్ సార్. మొదటి క్లాసులోనే ఒక వింత పని పెట్టారు. "మీ క్లాసులో లేని మనిషినొకరిని ఎంచుకోండి. మీరేం చదువుతున్నారో, ఏం రాస్తున్నారో వాళ్ళకి కాగితం మీద ఉత్తరాలు రాయండి. ఫోన్లో వాగకండి. అవి నాకు చూపించక్కర్లేదు, జవాబులు తెప్పించుకుంటే చాలు" అన్నారు. నాకు నువ్వు తప్ప ఎవరు గుర్తొస్తారు? అమ్మానాన్నలకి వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చేసరికి టీవీ చూసే ఓపిక కూడా ఉండదు. నువ్వేమో పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివే మనిషివి.

కాబట్టి మొదలుపెడుతున్నాను. నాకేమీ బాగాలేదత్తా. ఇప్పటిదాకా రాసిన మూడు కథలూ సార్ వెనక్కిచ్చేశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇవి నువ్వు చదివినవమ్మా, రాసినవి కావు" అన్నారు, అంతే. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. లైబ్రరీలో ఒక పుస్తకం తీస్తాను, కాసేపు చదివి మూసేస్తాను, ఇంకోటి తీస్తాను. రూముకొచ్చి రాయబోతాను. ఒక్క వాక్యం రాయగానే ఇది ఎక్కడో చదివానే అనిపిస్తుంది. చింపేస్తాను. నా రూమ్మేట్ నసీమున్నీసా ఉంది, లెక్కల ఎమ్మెస్సీ. సత్తెనపల్లి దగ్గర పత్తీ మిరపా వేస్తారు వాళ్ళ నాన్న. "నువ్వు చింపిన కాగితాలు పరిస్తే మా చేనంతా కప్పొచ్చు" అంటుంది.

అసలు నేను చదవడం ఎక్కడ నేర్చుకున్నానో గుర్తుందా నీకు? నువ్వు గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తుంటే, నేను గట్టు మీద కూర్చుని వారపత్రికలో సీరియల్ పైకి చదివేదాన్ని. నువ్వు తాడు గుంజితే నూలు కండె ఉన్న నాడె టక్‌మని అటు పోయేది. వెంటనే పోగుల్ని బిగించే అచ్చు ధబ్‌మని ఇటు కొట్టేది. ఆ రెంటి మధ్య నా గొంతు వినపడాలని వాక్యాన్ని ముక్కలు చేసి చదివేదాన్ని. "ఆగాగు, ఆ ముక్క మళ్ళీ చదువు" అనేదానివి. ఇప్పటికీ మనసులో చదువుకునేటప్పుడు అలాగే విరుస్తాను. ఈ లైబ్రరీ నిశ్శబ్దంలో నాకు చదువెక్కకపోవడానికి అదే కారణమేమో!

సెమిస్టర్ చివర మా అందరి కథలతో ఒక పుస్తకం వేస్తారు. దసరా సెలవులయ్యాక కథ ఇవ్వాలి. అప్పటికీ ప్రాణమున్న కథ ఒక్కటి రాయలేకపోతే ఇక ఈ జన్మలో కథ జోలికి పోను. బి.ఇడి. చేసి ఎక్కడో పిల్లలకు సంధులు చెప్పుకుంటాను. ఒట్టు.

నీ హేమ


జాండ్రపేట, చీరాల,
జూలై ఆఖరు.

చి. హేమకి అత్త దీవెనలు.

పోస్ట్‌మ్యాన్ వీధి చివర నుంచే "మల్లేశ్వరి గారంటే ఎవరండీ" అని కేకేసుకుంటూ వచ్చాడే! ఎదురింటివాళ్ళు కోర్టు నోటీసేమో అనుకున్నారు. "మా మేనకోడలు రాసింది, ఎం.ఏ. చదువుతోంది" అని గట్టిగానే చెప్పాను.

ఒట్లు పెట్టకు. పదో క్లాసులో లెక్కలు తప్పితే అన్నం మానేస్తానని ఒట్టేశావు. తప్పిన రోజు సాయంత్రమే నా దగ్గరకొచ్చి గిన్నెడు పెరుగన్నం తిన్నావు.

ఆ మూడు కథలూ జూన్‌లో వచ్చినప్పుడు నాకిచ్చి వెళ్ళావుగా, చదివాను. మీ సార్ అన్నది నిజమే. మూడింట్లోనూ వాన పడుతుంది. ఎవరో ఒకరు కిటికీ దగ్గర నిలబడి ఆ వాన చూస్తారు. మన వీధిలో వాన పడితే కిటికీ దగ్గర నిలబడే తీరిక ఎవరికుందే? మగ్గం గుంటలో నీళ్ళూరుతాయని చెంబులు పట్టుకుని పరిగెత్తరూ?

అలాగని మన వీధి గురించి రాయమని కాదు. కొత్తపట్నం పడవల గురించి రాసుకో. ఒంగోలు గిత్తల గురించి రాసుకో. నన్ను మాత్రం పెట్టకు. నా చీర రంగు కూడా పెట్టకు. ముందే చెబుతున్నా.

ఇక్కడంతా మామూలే. మీ నాన్న మళ్ళీ టైల్స్ గోల మొదలుపెట్టాడు. నా గదిలో మగ్గం గుంట చెమ్మకి మీ వైపు గదులతో సహా ఇల్లంతా గోడలు ఉబ్బుతున్నాయట. "మగ్గం ఆగిన రోజున గుంట పూడ్చేసి టైల్స్ వేయించేద్దాం అక్కా, నీకూ సుఖం" అంటాడు. "ఆగిన రోజున చూద్దాంలేరా" అంటాను. మగ్గం నడుస్తూనే ఉంది.

రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. మంచం మీద కూర్చుని రాస్తున్నాను, కాగితం కింద అట్ట లేదు.

మీ అత్త,
మల్లేశ్వరి


గుంటూరు,
ఆగస్టు.

అత్తా! అత్తా! అత్తా!

రాశాను! జిరాక్స్ ఇందులోనే పెడుతున్నాను, ఉత్తరం చదివాకే అది తియ్యి.

ఎలా వచ్చిందో చెబుతాను. జూన్‌లో ఇంట్లో ఉన్నది రెండ్రోజులే కదా. రెండో పొద్దున నీ మగ్గం చప్పుడుకి మెలకువ వచ్చింది. నాన్న బయట బండి తుడుస్తున్నాడు. నేను పక్కలోనే పడుకుని పుస్తకం తెరిచాను. ఎంత చదవబోయినా కుదరలేదు. నీ చప్పుడుకీ నాకూ జత కలవలేదు. నిద్రమత్తులే అనుకుని వదిలేశాను. మొన్న క్లాసులో ఉన్నట్టుండి అది గుర్తొచ్చింది. దాని వెనకే ఒక ఊహ వచ్చింది. మగ్గం మీద పడుగు నూలే లేకుండా ఎవరైనా రోజూ చప్పుడు చేస్తుంటే? వీధికి వినపడాలని మాత్రమే చేస్తుంటే?

అంతే, కూర్చున్న చోట నుంచి లేవకుండా రాసేశాను. గురవమ్మ అనే నేతమనిషి. మొగుడు వదిలేసి పోయాడు, షావుకారు పడుగివ్వడం మానేశాడు. అయినా రోజూ పొద్దున్నే ఉత్త మగ్గం కొడుతుంది. చప్పుడు ఆగితే వీధి తనను లెక్కలోంచి తీసేస్తుందని ఆవిడ భయం. ఒకరోజు చప్పుడు ఆగుతుంది. తలుపు తోసి చూస్తే గుంటలో కాళ్ళు పెట్టుకునే ప్రాణం వదిలేసి ఉంటుంది.

ఇది నేనెక్కడా చదవలేదత్తా! పుట్టాక మొదటిసారి నేను కల్పించినది! సార్ చదివి కళ్ళజోడు తీసి, "ఇదమ్మా" అన్నారు. పుస్తకంలో మొదటి కథ ఇదేనట. కథ చీరాలది కాబట్టి ఆవిష్కరణ సభ కూడా చీరాలలోనే పెడదామంటున్నారు. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

నిన్ను పెట్టలేదు, భయపడకు. గురవమ్మ పొడుగు, నలుపు, ముక్కుపుడక ఉంటుంది.

నీ హేమ


జాండ్రపేట,
సెప్టెంబరు.

హేమశ్రీకి,

ఎవరు చెప్పారు నీకు? మీ అమ్మా? లేక తలుపు సందులోంచి చూశావా? జూన్‌లో వచ్చినప్పుడు, దోమలు వస్తున్నాయని తలుపు వేసుకున్నానని చెబితే సరేనన్నావు. సరేననేసి పోయి కథ రాశావు.

తెలిసినదానివి నన్నొక మాట అడగకూడదా? అడగవు. మొగుడు వదిలేశాడని, చచ్చిపోయిందని నాలుగు కలిపి పంపిస్తావు. "కల్పించాను" అంటావు. నన్నంత తెలివితక్కువదాన్ననుకున్నావా?

సరే, తెలిసిందిగా, మొత్తం తెలుసుకో. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచి నా కుడి భుజం లేవడం లేదు. పెళ్ళికని మీ నాన్నకు అబద్ధం చెప్పి ఒంగోలు వెళ్ళి చూపించుకున్నాను. నరం దెబ్బతింది, ఇక తాడు గుంజే పని పెట్టుకోకండమ్మా అన్నాడు డాక్టరు. మగ్గం మీదున్న పడుగు షావుకారుకి తిప్పి పంపేశాను. మధ్యాహ్నాలు ఒక షాపువాళ్ళ చీరలకు కుచ్చులు కడుతున్నాను. ఆ పనికి చేతులు ఒళ్ళోంచి లేపక్కర్లేదు.

పొద్దున మీ అమ్మానాన్నా ఫ్యాక్టరీకి బయల్దేరే వేళకి గుంటలోకి దిగి, ఎడం చేత్తో అచ్చు లాగి కొడతాను. బండి వెళ్ళిపోయాక ఇంకాసేపు కొట్టి ఆపేస్తాను. ఎందుకంటావా? చప్పుడు ఆగితే మీ నాన్న గుంట పూడుస్తాడు. పూడ్చాక నన్నెక్కడ కూర్చోబెడతారు? మంచం మీద. మంచం మీద కూర్చున్న ఆడదాన్ని అందరూ పలకరించడానికి వస్తారు. "ఎలా ఉంది మల్లేశ్వరీ, తిన్నావా మల్లేశ్వరీ" అంటారు. నాకొద్దు.

ఇంకో సంగతి. ఉత్త మగ్గం కొడితే చప్పుడు రాదే, తెలివిగలదానా. బట్ట చుట్టుకునే దోనెకి పాత బొంత కట్టుకోవాలి. అప్పుడే ధబ్‌మంటుంది.

ఆ కథ అచ్చు కాకూడదు. చీరాలలో సభట! మైకు పెట్టి నా పరువు వీధికి వినిపిస్తారా? అచ్చయిందో, నా గడప తొక్కకు.

మల్లేశ్వరి


గుంటూరు,
సెప్టెంబరు.

అత్తా,

నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా వేసుకోకుండా హాస్టల్ మెట్లు దిగిపోయాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ ఎక్కాను.

నాకెవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేదు. తలుపు సందులోంచి చూడలేదు. కల్పించాననే అనుకున్నాను, నీ మీద ఒట్టు, ఈ ఒక్క ఒట్టూ నమ్ము. నా మొదటి కల్పన అని క్లాసంతా చాటుకున్నాను కూడా. ఇప్పుడు తెలుస్తోంది. ఆ పొద్దున నాడె టక్‌మనలేదు. ధబ్ ఒక్కటే ఉంది. చిన్నప్పట్నుంచి ఆ రెంటి మధ్య చదివినదాన్ని కదా, ఒకటి లేకపోయేసరికి నా చెవికి తెలిసింది. నాకు తెలియలేదు. తెలిసుంటే లేచొచ్చి నీ తలుపు కొట్టేదాన్ని. కొట్టలేదు. పక్కలో దొర్లుతూ పుస్తకం వెతుక్కున్నాను. రెండు నెలల తర్వాత ఆ చప్పుడుతో కథ రాసి, ఎంత బాగా రాశానో అని మురిసిపోయాను. నేను చాలా చదివానని నాకు గర్వం. పక్కగదిలో ఉన్న మనిషిని చదవలేకపోయాను.

సార్ దగ్గరకు వెళ్ళి కథ వెనక్కి ఇమ్మన్నాను. కారణం చెప్పలేదు. ఆయన కాగితాలు నా చేతికిచ్చి, "దసరా సెలవుల తర్వాత సోమవారం దాకా టైముంది. దీని బదులు ఇంకోటివ్వు. లేదంటే పుస్తకం నీ పేరు లేకుండా వెళ్తుంది" అన్నారు.

అప్పట్నుంచి గురవమ్మను మార్చి చూస్తున్నాను. కుట్టుమిషను తొక్కే మనిషిని చేశాను. ఆ చప్పుడు ఆగితే వీధిలో ఎవరికీ పట్టదు. ఇక్కడి మిర్చి యార్డులో రంగు పోయిన తాలుకాయలు ఏరే మనిషిని చేశాను. నసీమున్నీసా చదివి, "ఏరేవాళ్ళు చప్పుడెక్కడ చేస్తారే, తుమ్ముతారంతే" అని పొట్ట పట్టుకుని నవ్వింది. గురవమ్మ మగ్గం దిగితే చాలు, చచ్చుబడిపోతోంది.

నిజం చెప్పనా? నిన్నంతా ఏడ్చాను. నీ భుజం గురించీ ఏడ్చాను. కానీ ముందు ఏడ్చింది కథ పోతుందని. నా అంత స్వార్థపరురాలు ఉంటుందా అత్తా? రాసేవాళ్ళంతా ఇంతేనా, నేనొక్కదాన్నే ఇలాగా?

కథ అచ్చు కాదు. నన్ను గడప తొక్కనివ్వు. భుజానికి మందు రాసుకుంటున్నావా?

హేమ


జాండ్రపేట,
సెప్టెంబరు ఆఖరు.

చి. హేమకి,

కోపం తగ్గింది. పూర్తిగా కాదు.

మందు రాసుకుంటున్నాను. వాసనకి పిల్లి కూడా దగ్గరకు రావడం లేదు.

నీ కథ చింపేద్దామనుకున్నాను. చింపలేక బియ్యం డబ్బాలో దాచాను. ఎసరు పెట్టినప్పుడల్లా కనపడుతుంది, తీసి చదువుతాను, అన్నం అడుగంటుతుంది. అందులో ఒక చోట రాశావు చూడు. గురవమ్మ గుంటలోకి దిగి వెంటనే కొట్టదు, వీధిలో మిగతా మగ్గాలు మొదలయ్యేదాకా ఆగుతుంది, తన చప్పుడు వాటిలో కలిసిపోవాలని. నేనూ అలాగే ఆగుతానే! ఎదురింటి మగ్గం మొదలైతే గానీ చెయ్యి వెయ్యను. మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఏమైందో మరి, నాకెవరో తోడున్నట్టనిపించింది. ఇప్పుడు పొద్దున్నే కొట్టేటప్పుడు, ఆ గురవమ్మ కూడా కొడుతూ ఉంటుందిలే అనుకుంటాను.

కానీ దాన్ని ఎందుకే చంపావు? నేనిక్కడ గోంగూర పచ్చడి వేసుకుని రెండు పూటలా తింటున్నాను! ఒంటరి ఆడది కనపడితే చంపెయ్యడం తప్ప మీ రాసేవాళ్ళకి ఇంకేమీ తోచదా? మొగుడు పోయిన మర్నాడు కూడా నేను పళ్ళు తోముకున్నాను. అది రాయరు ఎవరూ.

మరి ఏం చెయ్యాలంటావు, ఎలా ముగించాలంటావు అని అడుగుతావు. నాకూ తెలియదు. తెలిస్తే నేనే చేసేదాన్ని కదా.

మీ నాన్న పండగయ్యాక మేస్త్రీని తీసుకొచ్చి గోడలు చూపిస్తానంటున్నాడు. గోడలు చూసినవాడు గుంట చూడడా? గదిలోకి వస్తే దోనెకి కట్టిన బొంత చూడడా? ఇంకెవరికీ చెప్పలేను, నీకు చెబుతున్నాను.

కథ అచ్చుకివ్వకు. పండక్కి మాత్రం రా.

అత్త


గుంటూరు,
దసరా ముందు.

అత్తా,

నేను పండక్కి రాను. కోపం తెచ్చుకోకు. వస్తే పొద్దున నీ చప్పుడు వింటాను. అది విని, నాన్న ఎదురుగా కూర్చుని, ఏమీ తెలియనట్టు కాఫీ తాగడం నా వల్ల కాదు. నా మొహం మీదే తెలిసిపోతుంది. నా వల్ల నీ గుంట పూడకూడదు.

గురవమ్మకి ముగింపు మారుద్దామని కూర్చున్నాను, అచ్చు కోసం కాదు, నీ కోసం. మొగుణ్ణి తిరిగి రప్పించాను. థూ. ఢిల్లీలో శాలువా కప్పించి అవార్డు ఇప్పించాను. నసీమున్నీసా "శాలువా ఎవరు నేశారు?" అని అడిగింది. ఆఖరికి ఒక మేనకోడల్ని సృష్టించాను. అది పొద్దున్నే లేచి వెళ్ళి తలుపు తడుతుంది. తట్టాక ఏమంటుందో రాయలేకపోయాను. నేనెప్పుడూ తట్టలేదుగా, నాకెలా తెలుస్తుంది?

హాస్టల్ ఖాళీ అయిపోయింది. నసీమున్నీసా కూడా వెళ్ళిపోయింది, వాళ్ళ చేలో మిరప నాట్లకి కూలీల గుంపు దొరకలేదట, ఇంటిల్లిపాదీ దిగారట. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. పుస్తకం తెరిస్తే ధబ్, ధబ్ అని ఒంటి చప్పుడే వినపడుతోంది, ముందుకు పోనివ్వడం లేదు.

సోమవారం సార్‌తో నా దగ్గర కథ లేదని చెప్పేస్తాను. బి.ఇడి. నోటిఫికేషన్ వివరాలు కనుక్కుంటున్నాను. ఈసారి ఒట్టు కాదు.

హేమ


జాండ్రపేట,
దసరా వెళ్ళాక. స్పీడ్ పోస్ట్.

హేమా,

ఇది నీకు సోమవారం లోపల అందాలి. పోస్టాఫీసులో అమ్మాయి అందుతుందని చెప్పింది. అందకపోతే దాని సంగతి చూస్తాను.

దసరా నాడు వీధిలో మగ్గాలన్నీ ఆపి పసుపు కుంకుమ పెడతాం కదా. నేనూ పెట్టాను. మర్నాడు పొద్దున్నే అందరూ మొదలుపెట్టారు. నేను కూడా గుంటలోకి దిగాను. ఎదురింటి మగ్గం మొదలైంది. నా చెయ్యి అచ్చు మీదే ఉంది. కొట్టబుద్ధి కాలేదు. నువ్వు ఈ చప్పుడుకి భయపడి పండక్కి రాలేదన్నది ఒక్కటే మనసులో తిరుగుతోంది. పిల్లని ఇంటికి రాకుండా చేసే చప్పుడు నాకెందుకు? పైకొచ్చి, కాఫీ కలుపుకుని, బియ్యం డబ్బాలోంచి నీ కథ తీసుకుని కూర్చున్నాను.

మీ నాన్న బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినపడింది. వెళ్ళిన చప్పుడు వినపడలేదు. ఆపేశాడు. తర్వాత తలుపు దబదబా బాదడం మొదలుపెట్టాడు. "అక్కా! అక్కా!" అని వాడి గొంతు ఎలా ఉందనుకున్నావు! తలుపు తీశాను. హెల్మెట్ ఒక చేత్తో పట్టుకుని, మొహం తెల్లగా పాలిపోయి నిలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"చప్పుడు లేదు" అన్నాడు.

అంతే అన్నాడే. రోజూ ఆ చప్పుడు మొదలయ్యాకే వాడు బండి కదిలించేదట. మీ అమ్మ తర్వాత చెప్పింది.

అప్పుడు చూశాడు మగ్గం. పడుగు లేదు, బొంత ఉంది. "కూర్చోరా, నీ కూతురు కథ రాసింది, వింటావా" అన్నాను. మీ అమ్మ కూడా లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ఫ్యాక్టరీకి ఆలస్యమైపోతుందన్నా ఇద్దరూ కదల్లేదు. నేనే పైకి చదివాను. ఇన్నాళ్ళూ వినడమే గానీ నాకు పైకి చదివే అలవాటెక్కడిది? తడబడుతూనే చదివాను. గురవమ్మ పోయిన చోట మీ నాన్న "చచ్చిపోయిందా!" అని లేచాడు. "కథలోరా" అన్నాను. మీ అమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను తిట్టింది. "ఇన్ని నెలలు ఒంటిచేత్తో తిప్పలు పడతావా వదినా, నేను చచ్చాననుకున్నావా" అని.

అంతా విని మీ నాన్న ఏమన్నాడో తెలుసా? "మరి ఇందులో నేను లేనేంటి?"

తర్వాత గుంట సంగతి వచ్చింది. "మగ్గం ఆగిందిగా అక్కా, పూడ్చేద్దాం" అన్నాడు, మూర్ఖుడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, నాకు మోకాళ్ళు మడిచి కింద కూర్చోవడం రాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుంటలో కాళ్ళు వేలాడేసుకునే కూర్చున్నాను. కుచ్చులు కూడా అక్కడే కూర్చుని కట్టుకుంటాను. అది నా కుర్చీ. నీ కుర్చీ జోలికి నేనెప్పుడైనా వచ్చానా?" అన్నాను. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. నీరూరకుండా గుంట లోపల సిమెంటు పూత పూయిస్తాడట. టైల్స్ దాని చుట్టూ వేయిస్తాడట! ఇలాంటి ఇల్లు ఎక్కడా చూడలేదని మేస్త్రీ నవ్వుతున్నాడు.

మగ్గం కర్రలు విప్పి అటక మీద పెట్టించాను. ఆ పూట అన్నం సయించలేదు. నిజంగానే ఏడుపొచ్చింది. గంటసేపు ఏడ్చి, లేచి మొహం కడుక్కున్నాను.

ఇక నీ సంగతి. బి.ఇడి. లేదు, గి.ఇడి. లేదు. కథ ఇచ్చెయ్యి. సభ చీరాలలోనే పెట్టించు. ముందు వరసలో కుర్చీ నాకు అట్టేపెట్టు. ఇంతకీ ఎవరే ఆ గురవమ్మ? పొడుగట, నలుపట, ముక్కుపుడకట! ఇన్నాళ్ళు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నది నేనైతే పేరు దానిదా? తీసెయ్. మల్లేశ్వరి అని పెట్టు. నా చీర రంగు కూడా పెట్టు, ముదురాకుపచ్చ. చంపావంటే మాత్రం ఊరుకోను. బొంత మర్చిపోకు.

అత్త


గుంటూరు,
సోమవారం.

అత్తా,

ఉత్తరం పొద్దున్నే అందింది. పోస్టాఫీసు అమ్మాయిని ఏమీ అనకు.

చెట్టు కింద అరుగు మీద కూర్చుని మార్చేశాను. ప్రతి చోటా గురవమ్మ కొట్టేసి మల్లేశ్వరి అని రాశాను. ముదురాకుపచ్చ చీర పెట్టాను. బొంత పెట్టాను. పళ్ళు తోముకోవడం కూడా పెట్టాను. సార్ చదివి, "ఈ మల్లేశ్వరి గారు నిజంగా ఉన్నారా?" అని అడిగారు. "ఉన్నారు సార్, జవాబులు రాసేది ఆవిడే. కోపం ఎక్కువ" అన్నాను.

కుదురు మాత్రం ఇంకా రాలేదు. మెస్‌లో గిన్నెల చప్పుడు, నసీమున్నీసా ఫోన్లో వాళ్ళ నాన్నతో మాట్లాడుతూ మధ్యలో ఆగడం, అన్నీ వినపడుతున్నాయి. ఈసారి వినపడగానే రాయను. ముందు వెళ్ళి అడుగుతాను. నిన్న దాన్ని అడిగాను కూడా. మొక్క తెగులుకి సగం చేను పోయిందట. ఇద్దరం కూర్చుని టీ తాగాం.

శనివారం ఇంటికొస్తున్నాను. కొత్త గట్టు మీద కూర్చుని కథ మొత్తం నీకు చదివి వినిపిస్తాను. నువ్వు కుచ్చులు కట్టుకో.

నాన్నతో చెప్పు, కథలో ఆయన కూడా ఉన్నాడని. అసలు చివరి వాక్యం ఆయనదే. "ఆ పొద్దున చప్పుడు లేదు. తమ్ముడు బండి ఆపేశాడు." అక్కడితో ఆపేశాను.

నీ హేమ